అరిగిపోయిన భయం

నూకరత్నం నోరు మంచిది కాదని జాలారిపేటలో అందరూ ఎరుగుదురు. తిట్టే నోరు కాదు, చాడీలు చెప్పే నోరూ కాదు. ఎవరైనా ఒక కొత్త పనికి పూనుకునే వేళకు సరిగ్గా అక్కడ నిలబడి, ఆ పని ఎక్కడ చెడుతుందో ముందుగానే అడిగేసే నోరు.

ఎర్రయ్య కొత్త బోటు నీళ్ళలోకి దించిన రోజున, బోటు మూతికి పసుపు పూసి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టబోతుంటే, జనం మధ్యలోంచి నూకరత్నం గొంతు లేచింది. "నడిసంద్రంలో ఇంజను ఆగిపోతేనో?" కొబ్బరికాయ ఎర్రయ్య చేతిలోంచి జారి ఇసకలో దొర్లింది. ఎర్రయ్య తల్లి ముసల్ది కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే ఆ రోజు జుట్టు పట్టుకునేదే. "శుభమా అని మొదలెడతంటే ఆ మాటలేటే దరిద్రగొట్టుదానా! పో, అవతలికి పో!"

బయలుదేరిన మనిషిని 'ఎక్కడికి' అని అడిగితేనే అపశకునమనుకునే చోట, ఈవిడ 'తిరిగి రాకపోతేనో' అని అడిగే మనిషి. అత్త బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఏ శుభకార్యం మొదలైనా కోడల్ని పెరట్లోకి పంపి తలుపు గెడ పెట్టేది. ఆ తలుపు అవతల నిలబడి కూడా నూకరత్నం అడుగుతూనే ఉండేది, చిన్నగా, తనలో తనే. ఆ భయం ఆమె కావాలని తెచ్చుకున్నది కాదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, ప్రపంచాన్ని పుస్తకాల్లో చూసింది లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, జరగబోయే చెడ్డంతా సినిమాలా కనిపించేది, అంతే.

ఆమె భయాల్ని విసుక్కోకుండా మోసినవాడు మొగుడు ఎల్లాజీ ఒక్కడే. హార్బరులో ఐసు ఫ్యాక్టరీలో మిషన్లు చూసే పని అతనిది. ఐసు గడ్డకట్టించే ఆ గ్యాసు గొట్టాల్లో ఉన్నంతసేపే మనిషికి చుట్టం. బయటికి వచ్చిందంటే కళ్ళనీ ఊపిరినీ కాల్చేస్తుంది. అందుకని రోజూ పొద్దున్న అతను గుమ్మం దిగబోతుంటే ఆమె అడిగేది. "గాలెటుందో సూసుకున్నావా? గ్యాసు లేస్తే ఎటు పరిగెడతావు?"

"సూసుకుంటాలేవే. గాలికి ఎదురుగా పరిగెడతాను. సాలా?"

"తడిగుడ్డ?"

"ఉందే తల్లీ, ఉంది. నన్ను పోనియ్యి."

అలా గొణుక్కుంటూనే అతను వీధి మలుపులో ఆగి, తల పైకెత్తి, హార్బరు స్తంభం మీద జెండా ఎటు ఎగురుతోందో చూసి మరీ వెళ్ళేవాడు.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హంస కంప్యూటర్ల చదువు చదివి, మధురవాడ కొండ మీద ఒక చిన్న పరిశోధనశాలలో చేరింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, చేపల కూర పొయ్యి మీద ఉడుకుతుండగా, వంటింటి గడప మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. నల్లటి తెర. దాని మీద బొమ్మల్లేవు, రంగుల్లేవు. ఒక్క వరస రాసి మీట నొక్కగానే తెల్లటి అక్షరాలు చీమల బారులా పరిగెత్తాయి.

"ఇదేటమ్మా, పలక మీద పురుగులు పారినట్టు?"

"ఇదేనమ్మా మేము చేస్తున్నది. దీని పేరు ముగ్గు. ఇల్లు కట్టేముందు తాపీమేస్త్రి సున్నంతో నేల మీద గీతలు పోస్తాడు చూడు, గది ఇక్కడ, గుమ్మం ఇక్కడ అని? ఏ ప్రోగ్రాం రాయాలన్నా ముందు అలాంటి గీతలు పొయ్యాలి. ఒకప్పుడు మనుషులు కూర్చుని పోసుకునేవాళ్ళు. ఇప్పుడు నాకు ఫలానాది కావాలి అని ఒక్క ముక్క రాస్తే ముగ్గు ఆ గీతలు పోసేస్తుంది. తర్వాత గోడలు లేపేది కూడా యంత్రాలే. సాయంత్రానికల్లా ప్రోగ్రాం తయారు."

నూకరత్నం గరిటె పక్కన పెట్టింది. "మరి గీత తప్పు పోస్తేనో? మనిషైతే గోడ లేపేటప్పుడైనా సూస్తాడు. మిషన్లేటి సూస్తాయి? ఇల్లు కూలినప్పుడే గదా తెలిసేది?"

హంస చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. అవతల కూర అడుగంటుతున్నా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

ఆ పరిశోధనశాల ఏడాదిగా తల బద్దలుకొట్టుకుంటున్నది దాని మీదే. తప్పులు ముందే దొరకాలని ముగ్గు చేత ప్రశ్నలు అడిగించి చూశారు. అందరినీ అడిగేవి అవే ప్రశ్నలు కాబట్టి ఎవరూ చదవలేదు. 'అన్నిటికీ అవును' అని ఒక్క నొక్కు నొక్కి ముందుకు పోయేవారు. ఏ పనికి తగ్గ భయం ఆ పనికి పుట్టాలి. చదువుకున్న ఇంజనీర్లని భయపడమంటే వాళ్ళకు నేర్పిన భయాలే వల్లెవేశారు.

"అమ్మా, నువ్వొకసారి మా ఆఫీసుకు రావాలి."

"నేనా? నేనెందుకు? నేనొస్తే మీ పని సెడిపోదూ?"

"చెడగొట్టడానికే రమ్మంటున్నాను" అని నవ్వింది హంస.

పరిశోధనశాల పెద్ద ఫిలిప్ భారీ మనిషి. మాట కంటే ముందు బిస్కెట్ల డబ్బా చాపుతాడు. "రండమ్మా, రండి. మీ గురించి మీ అమ్మాయి చెప్పింది. ఇక్కడ మీరు ఎంత అపశకునం పలికితే మాకు అంత లాభం" అన్నాడు. అంత పెద్దమనిషి తనను గుమ్మంలోకి ఎదురొచ్చి పిలవడం నూకరత్నానికి అదే మొదలు. పెరటి తలుపు గెడ ఇన్నాళ్ళకు ఎవరో తీసినట్టయింది.

ఆమె నుదుటికి ఒక మెత్తటి పట్టీ కట్టారు. మల్లెదండంత బరువు కూడా లేదు. మనిషికి భయం మాట కంటే ముందు పుడుతుందట. ఆ పుట్టే చోటును పట్టీ కనిపెట్టి ముగ్గుకు చెబుతుంది. మాట గొంతులోంచి వచ్చాక దాన్నీ, ఆ గొంతులో వణుకునూ రికార్డు చేసుకుంటుంది. ఏ మాటకు ఎందుకు భయం వేసిందో అలా చూసి చూసి, ముగ్గు తానే భయపడడం నేర్చుకుంటుంది.

హంస ఒక్కొక్క పనీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పేది. "ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకు మందులు రాసే ప్రోగ్రాం, అమ్మా."

"పుట్టిన రోజునే పిల్లకి పేరెక్కడిది? ఇరవయ్యొకటో రోజున గదా పెట్టేది? పేరు రాయందే మీ మిషను మందియ్యకపోతేనో? లేదూ, అందరినీ పాప అని రాసేసి ఒకళ్ళ మందు ఒకళ్ళకి పోసేస్తేనో?"

తెర మీద ఆమె భయం ఒక కెరటంలా లేచింది. ముగ్గు గీతలు చెరిపి మళ్ళీ పోసింది. పిల్లకు పేరు లేకపోయినా తల్లి పేరుతో, పుట్టిన గడియతో గుర్తుపట్టేలా మార్చి, కింద ఒక్క మాట రాసింది. చూసుకున్నాను.

అన్నీ అలాంటివే అనుకుంటే పొరపాటు. సగానికి సగం చెత్త భయాలే. బడిపిల్లల హాజరు ప్రోగ్రాం గురించి చెబితే "ఆ డబ్బా పేలిపోతేనో" అంది. బస్సు టికెట్ల ప్రోగ్రాం చూపిస్తే "కండక్టరు పెళ్ళాం పురిటికెళ్తేనో" అంది. ఫిలిప్ పొట్ట పట్టుకుని నవ్వాడు. అయినా ముగ్గు ఒక్కదాన్నీ తోసిపుచ్చలేదు. ప్రతిదానికీ చూసి, వెతికి, జవాబు రాసింది. చూసుకున్నాను. చూసుకున్నాను.

అదే ఆమెను కట్టిపడేసింది. పుట్టి బుద్ధెరిగాక ఇన్ని భయాలు పైకి చెప్పింది గానీ, ఒక్కదానికి నిదానంగా, పూర్తిగా జవాబు వచ్చింది లేదు. ఇక్కడ నల్లటి తెర ఒకటి ఎదురుగా కూర్చుని ఆమె చెప్పినదంతా వింటోంది. ఆమె రోజూ ఉదయాన్నే తలకు నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బస్సెక్కి కొండ మీదకు పోవడం మొదలుపెట్టింది. "ఎవర్తివే నువ్వు, ఆఫీసరమ్మవా?" అని ఎల్లాజీ ఆటపట్టిస్తే సిగ్గుపడి నవ్వేది.

కొన్ని నెలలు గడిచాయి. ఆమెలో మొదట తెలిసిన మార్పు నిద్ర. మధ్యాహ్నం అన్నం తిని గోడకు చేరగిలబడితే చాలు, కళ్ళు మూతలు పడిపోయేవి. ఒక సాయంత్రం వాన దంచికొడుతుంటే హంస తడిసి ముద్దై ఇంటికొచ్చింది. అలాంటి రోజున తల్లి వీధిలో గొడుగు పట్టుకుని బస్సుస్టాండు దాకా వచ్చి ఉండాలి. లోపలికి పోయి చూస్తే నూకరత్నం కొంగు ముసుగేసుకుని హాయిగా పడుకుని ఉంది.

"అమ్మా, నాకోసం చూడలేదా?"

"వొస్తావు గదా అని పడుకున్నానమ్మా. తల తుడుసుకో."

హంసకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. కానీ తల్లి ముఖంలోని నెమ్మది చూసి మురిసిపోయింది కూడా. ఇన్నేళ్ళకు అమ్మ సుఖపడుతోందనుకుంది.

పరిశోధనశాలలో ఫిలిప్ తెర మీద కెరటాల్ని చూసి నుదురు చిట్లించాడు. "పట్టీ పాడైనట్టుంది, మార్చండి" అన్నాడు. మార్చారు. కొత్త పట్టీలోనూ కెరటం అలాగే చదునుగా పడింది. ఆమె ప్రశ్నలు మాత్రం అడుగుతూనే ఉంది, అలవాటు మీద, పాఠం అప్పజెప్పినట్టు.

"హంసా, ఇది పట్టీ కాదు" అన్నాడు ఫిలిప్, ఆమెను కిటికీ దగ్గరికి పిలిచి. "భయానికి వెంటనే జవాబు దొరుకుతుంటే భయం అరుగుతుంది. సానరాయి మీద కత్తి చూడు, పదును ఎక్కుతున్నంతసేపూ ఇనుము పోతూనే ఉంటుంది. మీ అమ్మగారికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇద్దాం."

హంస కిందికి చూసింది. ముగ్గును లోకం ముందు పెట్టే రోజు దగ్గరపడింది. "ఇంకొక్క నెల సార్. నెలరోజుల్లో ఏమైపోతుంది? పైగా అమ్మ హాయిగా ఉంది."

ఫిలిప్ కాదనలేదు. డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసి, తినకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ముగ్గు బయటికి వెళ్ళింది. ఎక్కడెక్కడి మనుషులో ఒక్క వరస రాసి మీట నొక్కితే, గీతలు పోసేముందు అది ఆగి, వాళ్ళ పనికి తగ్గ ప్రశ్న అడిగేది. చాలామంది మొదటిసారి 'అవును' నొక్కబోయి వేలు వెనక్కి తీసుకున్నారట. చదివి, ఆలోచించి, మార్చుకున్నారట. అభినందనలు వచ్చిపడ్డాయి. హంస తల్లికి ఒక పట్టుచీర కొంది. నూకరత్నం ఆ చీరను బల్ల మీద పెట్టి, ముట్టుకుని, మంచి రంగని మెచ్చుకుని, మరిచిపోయింది.

అది జరిగిన వారానికే.

ఎల్లాజీ క్యారేజీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నూకరత్నం అరుగు మీద కూర్చుని కవ్వళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది. పొలుసు గాల్లోకి లేచి ఎండలో తళుక్కుమంటోంది.

"ఎల్లొస్తానే."

"ఊఁ."

అతను చెప్పులేసుకున్నాడు. ఒక చెప్పు విప్పి, మళ్ళీ వేసుకున్నాడు. "ఎల్లొస్తానన్నాను."

"ఎల్లిరా. సాయంత్రం ఈ కవ్వళ్ళు పులుసెడతాను."

అతను ఇంకాసేపు నిలబడ్డాడు, ఆమె చేతిలోంచి ఏదో అందుకోవాల్సినవాడిలా. తర్వాత మెట్లు దిగి, వీధి మలుపులో ఆగకుండా వెళ్ళిపోయాడు.

పదిగంటలకు ఐసు ఫ్యాక్టరీ కూత వేసింది. వీధివీధంతా తలుపులు తెరుచుకున్నాయి. గొట్టం బిగింపు ఒకటి ఊడి గ్యాసు లేచింది. లోపలున్నవాళ్ళలో నలుగురు క్షేమంగా బయటపడ్డారు. ఎల్లాజీ తలుపు దాటి ఎటు కాలు పోతే అటు పరిగెత్తాడు. గాలి అటే వీస్తోంది. గ్యాసు అతని వెంటే వచ్చి, అతన్ని చుట్టేసి, కళ్ళలో కూర్చుంది.

ఆసుపత్రిలో కట్లతో పడుకుని ఉన్న మొగుడి మంచం పక్కన నూకరత్నం ఎత్తుపీట మీద కూర్చుంది. పరిచయం లేని ఒక నర్సు ఆమె భుజం తట్టి, "ఎంత గుండె ధైర్యమమ్మా నీది! ఇంకొకరైతే వార్డు ఎగిరిపోయేలా ఏడ్చేవారు" అంది.

నూకరత్నం ఆ మాటకు సిగ్గుతో కుంచించుకుపోయింది. ధైర్యం కాదది. లోపల వెతుక్కుంటోంది. ఈయన కళ్ళు పోతేనో అని తనకు తానే చెప్పుకుని చూసింది. ఈయన పోతేనో అని కూడా అనుకుంది, తప్పని తెలిసీ. తుమ్ము రాబోయి ఆగిపోయినట్టు లోపల ఏదో అంచు దాకా వచ్చి, అక్కడే ఆరిపోయింది. అతని మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. కానీ ఇంటి వాకిలి కాసే కుక్క చచ్చిపోయాక ఇల్లు ఉన్నట్టు ఉంది ఆ ప్రేమ.

"రత్నం" అన్నాడు ఎల్లాజీ, కట్ల కింద నుంచి. "నాను గాలి సూసుకోనేదే."

"ఎందుకు సూసుకోనేదయ్యా?"

"నువ్వడగనేదు గదా" అన్నాడు. నిందలా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నాడు. అదే ఆమెకు కొరడా దెబ్బ. నాకు భయం వేస్తేనే ఈ మనిషి బతుకుతాడని తెలిసి ఉంటే, ఎవరు పిలిస్తే మాత్రం ఆ భయాన్ని తీసుకెళ్ళి పంచిపెట్టేదాన్నా, అనుకుంది. దేవుడు ఒక్కటే ఇచ్చాడు, అదీ అందరూ ఛీ కొట్టేది ఇచ్చాడు. రమ్మన్నారని పొంగిపోయి దాన్నే ఊడ్చి ఇచ్చేసింది.

గుమ్మం అవతల హంస నిలబడి ఉంది. ఆ రెండు మాటలూ విన్నది. లోపలికి రాలేదు.

ఎల్లాజీ ఇంటికొచ్చాడు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. పగలంతా అరుగు మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటాడు. ఫ్యాక్టరీ వాళ్ళు వచ్చి పలకరించి వెళ్ళారు. నూకరత్నం అతనికి అన్నం కలిపి పెడుతుంది, చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, ఏ లోటూ రానివ్వదు. అయినా ఒకసారి ఒంటరిగా మెట్లు దిగబోయి అతను పడిపోతే, ఆమె చేసే పని ముగించుకుని వచ్చి లేపింది. లేపాక తెలిసింది, పరిగెత్తుకు రావాల్సిందని.

హంస ఒక ఉదయం లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టింది. కళ్ళ కింద నల్లటి చారలు. పరిశోధనశాలకు పోవడం మానేసి చాలా రోజులైంది.

"అమ్మా, తీసుకున్నది తిరిగి ఇవ్వొచ్చేమో చూస్తాను. నీ భయమంతా ముగ్గులో ఉంది. దాన్ని వెనక్కి నడిపించాలి. ఈసారి జవాబులు చెప్పకుండా, భయాన్నే నీకు చూపిస్తూ. అది ఎలాగో కనుక్కోవడానికి ఒక కొత్త పని మొదలుపెడుతున్నాను. ఫిలిప్ సార్ వద్దన్నారు. నేను చేస్తాను."

"సెయ్యమ్మా" అంది నూకరత్నం. "నాకది కావాలి. ఇచ్చెయ్యి."

"నానూ ఇంటాను" అన్నాడు ఎల్లాజీ. "నాకు కనపడదు గదా. ఏం రాస్తన్నావో పైకి సెప్పు."

తండ్రికోసమని హంస ముగ్గును గొంతుతో మాట్లాడేలా మార్చింది. లోకానికి ఇచ్చిన ముగ్గులో ఆ గొంతు లేదు. మొదట రికార్డు చేసినది ఆమె దగ్గర మాత్రమే ఉంది. అది ఎవరి గొంతో ఆ తొందరలో ఆమెకు తట్టలేదు. నల్లటి తెర మీద ఒక్క వరస రాసింది. కొత్త పని. పేరు, అమ్మ. భయం పోయి హాయిగా నిద్రపోతున్న మనిషికి ఆ భయం తిరిగి ఇవ్వాలి. మీట నొక్కింది.

గీతలు పడలేదు. ముగ్గు ఆగింది. తర్వాత ఆ పెట్టెలోంచి నూకరత్నం గొంతు వచ్చింది. ఆ మొదటి రోజుల నాటి గొంతు. ఊపిరి అందనట్టు, ఏడుపు అంచున నిలబడినట్టు, మాట మాటకూ వణుకుతూ.

"మనిషి ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది గదా. మళ్ళీ భయం ఎక్కించాక తట్టుకోలేకపోతేనో? జవాబు లేని భయం ఎక్కడ ఆగుతుంది? ఆ ఏళకి పక్కన ఎవరుంటారు?"

ఎల్లాజీ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు. పెళ్ళాం అతనికి కుడిపక్కన, చెయ్యి తగిలేంత దగ్గర కూర్చుని ఉంది. అతను ఎడమకు తిరిగాడు, ఆ పెట్టెవైపు. గుడ్డి ముఖంలోకి ఎన్నాళ్ళకో ప్రాణం వచ్చింది.

"నానుంటానే" అన్నాడు. "నానెక్కడికి పోతాను? ఈ అరుగు దిగనేను గదా. నువ్వు కంగారు పడకు."

పెట్టె జవాబు కోసం కాచుకుని, మళ్ళీ అదే వణుకుతో అడిగింది. "పక్కన ఎవరుంటారు?"

"సెప్పాను గదే, నానున్నాను. ఇంకేటి? అడుగు, ఇంకా ఏటి భయం? ఇన్నాళ్ళూ ఏటైపోనావే, ఒక్క మాటా అడక్కుండా?"

హంస చేత్తో నోరు మూసుకుంది. పెట్టె కట్టేయడానికి రెండో చెయ్యి చాపింది.

నూకరత్నం ఆ చేతిని పట్టుకుంది. గట్టిగా కాదు. కూతురి కళ్ళలోకి చూసి, వద్దని తల ఊపింది. తెర మీద అవును, కాదు అనే రెండు మాటల పక్కన చిన్న గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆ రెంటిలో దేన్నీ వాళ్ళెవరూ రాయలేదు.

"ఉంచమ్మా" అంది నూకరత్నం గుసగుసగా. "ఆయన్ని మాటాడనీ."

ఆమె చప్పుడు కాకుండా లేచింది. తాను పక్కన ఉన్నట్టు అతనికి తెలియకూడదని చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని లోపలికి నడిచింది. వెనక అరుగు మీద ఎల్లాజీ ముందుకు వంగి, గొంతు తగ్గించి, పెళ్ళైన కొత్తలో మాట్లాడినట్టు ఓపికగా చెబుతూనే ఉన్నాడు.